గడప బయట కుర్చీ

జ్యోతిరాణి కూతురికి ఇంటర్వ్యూ పాఠం చెప్పడం అది ఏడోసారి. కుట్టుమిషను ముందు నుంచి లేవకుండా, పెదాల మధ్య గుండుసూది పెట్టుకుని మరీ చెప్పింది.

"లోపలికి పోంగనే నమస్తే అను. నవ్వు. గంత పెద్దగ గాదు, జెరంత. మాట్లాడేటప్పుడు మనిషి కండ్లల్ల చూడు."

"కండ్లల్ల చూస్తే మాట వినబడదమ్మా," అంది దీక్షిత.

"కండ్లకు, చెవులకు ఏం సంబంధమే?"

"నాకున్నది."

"అయితే కనుబొమ్మల నడిమిట్ల చూడు. ఎదుటోళ్లకు తేడా తెల్వదు. ఇగ ఆ హైదరాబాద్ డాక్టరు ఇచ్చిన కాగితం ముచ్చట మాత్రం ఎత్తకు. పని దొరికినంక నెమ్మదిగ చెప్పుకోవచ్చు."

దీక్షితకు ఆటిజం ఉందని ఆ కాగితంలో రాసి మూడేళ్ళయింది. అప్పటికి ఆమెకు ఇరవై రెండు. కాగితం వల్ల ఇంట్లో కొత్తగా మారిందేమీ లేదు. చిన్నప్పటి నుంచి "దీని తీరే గంత" అనుకుంటున్న దానికి ఒక పేరు దొరికింది. బోధన్‌లో డిగ్రీ మంచి మార్కులతో పాసయింది. కంప్యూటరు వచ్చు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది. కానీ పని చేసి చూపించే దాకా రానిస్తే గదా! ప్రతిచోటా ముందు మాట్లాడమంటారు.

ఒక స్కూలు ఆఫీసులో "నీ గురించి చెప్పమ్మా" అని అడిగారు. పుట్టిన దగ్గర మొదలుపెట్టింది. ఆరో తరగతికి వచ్చేసరికి చాలన్నారు. ఒక ఫైనాన్సు కంపెనీలో "నీ లోపాలేమిటి" అంటే నిజంగానే చెప్పింది, పదకొండు. ఒక ఆసుపత్రి రిసెప్షన్‌లో పని దొరికింది కూడా. మూడు ఫోన్లు ఒకేసారి మోగే బల్ల దగ్గర నాలుగు రోజులు కూర్చుని, అయిదో రోజు బస్సెక్కబోతూ వాంతి చేసుకుని ఇంటికి తిరిగివచ్చింది. మిగతా మూడు చోట్లా "ఫోన్ చేస్తాం" అన్నారు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు స్నానానికి వెళ్ళినా ఫోను వెంటబెట్టుకునే వెళ్ళింది. నాలుగో రోజు తల్లే విడమరచాల్సి వచ్చింది.

"గట్లంటే చేయరని అర్థమే."

"చేయం అని చెప్పొచ్చు గదా?"

"గది మర్యాద గాదు."

మనిషిని నాలుగు రోజులు ఫోను ముందు కూర్చోబెట్టడం ఏ రకం మర్యాదో దీక్షితకు అంతుపట్టలేదు.

ఇప్పుడీ ఏడోది నిజామాబాద్‌లో, గాంధీచౌక్ దగ్గరి గల్లీలో ఉన్న మ్యాచింగ్ సెంటర్. చీరలకు సరిపోయే జాకెట్టు గుడ్డలు, లైనింగులు, ఫాల్సులు అమ్మే దుకాణం. శ్రావణమాసం గిరాకీకి మనిషి కావాలని బోర్డు పెట్టారు.

"ఇదే ఆఖరు బిడ్డా," అంది జ్యోతిరాణి సూది తీసి. "గిది గూడ కాకపోతే ఇంట్ల నా పక్కన కూసోని హుక్కులు కుట్టు. నాకు ఆసర అయితది."

ఆ మాటలో కోపం లేదు, అలసట ఉంది. అందుకే దీక్షితకు భయం వేసింది. కోపమైతే పొద్దుగూకేసరికి పోతుంది. ఆమె కోరేది పెద్దదేమీ కాదు. పొద్దున లేచి ఒక చోటికి పోవాలి. అక్కడ తనదని ఒక పని ఉండాలి. సాయంత్రం తిరిగి రావాలి. శక్కర్‌నగర్‌లో వాళ్ళ గల్లీలో అందరూ చేసేది అదే.

దుకాణం యజమాని పరమేశ్వర్‌కు కనుబొమ్మల మధ్య గంధం, దాని మీద కుంకుమ ఉన్నాయి. గంధం ఎండి ఒక అంచు లేచింది. మాట్లాడినప్పుడల్లా అది కదులుతోంది. దీక్షిత దానివైపే చూస్తూ కూర్చుంది. జ్యోతిరాణి లోపలికి రాకుండా మెట్ల దగ్గర నిలబడి, లేస్‌లు చూస్తున్నట్టు నటించసాగింది.

"ఏ ఊరు బిడ్డా?"

"బోధన్. శక్కర్‌నగర్."

"అగో! మా తోడల్లుడు గక్కడనే ఉంటడు. మీ బాపు ఏం జేస్తడు?"

"లారీ ఆఫీసుల గుమస్తా."

"మేనమామలెక్కడ?"

"ఒకాయన ఎడపల్లి. ఇంకొకాయన చచ్చిపోయిండు."

"అయ్యో. లగ్గం ఎప్పుడు జేస్తరు మరి?"

"ఎవరిది?"

కౌంటరు వెనకాల తాన్లు సర్దుతున్న శ్రీధర్ కిసుక్కున నవ్వాడు. ఆ దుకాణంలో పదిహేనేళ్ళుగా ఉన్న సేల్స్‌మన్ అతను. చెవి మీద చాక్‌పీసు పెట్టుకుని, వచ్చిన ప్రతి ఆడమనిషినీ అక్కా అని పిలుస్తాడు.

దీక్షిత ఇంటి దగ్గర పన్నెండు జవాబులు తయారు చేసుకుంది. వాటిలో ఒక్కదానికి కూడా ప్రశ్న రాలేదు. రంగుల గురించి గానీ, గుడ్డ గురించి గానీ ఈయన ఎప్పుడు అడుగుతాడా అని చూస్తోంది. పైన తొమ్మిది ట్యూబులైట్లు. మూడోది జుయ్యిమంటోంది. ఆ జుయ్యి ఆమె తలలోకి దిగి మాటల మధ్య కూర్చుంది.

"మీ మూడో లైటు ఖరాబైతున్నది. దాని సప్పుడుకు మీరనేది సగమే వినబడ్తున్నది."

పరమేశ్వర్ తలెత్తి లైటు చూశాడు. శ్రీధర్‌ను చూశాడు. ఇద్దరికీ ఏ చప్పుడూ వినబడలేదు. ఆయన గొంతు సవరించుకుని చాలా మెత్తగా అన్నాడు: "సరే బిడ్డా. నంబరు రాసిపో. ఫోన్ చేస్తం."

మెట్ల దగ్గర జ్యోతిరాణి చేతిలో లేసు చుట్ట కిందపడింది.

దీక్షిత లేవలేదు. "చేయరు," అంది. "మూడు చోట్ల గిట్లనే అన్నరు, చేయలే. వద్దంటే ఇప్పుడే వద్దనుండ్రి సేఠ్. రెండున్నర బస్సుకు పోత."

"గట్ల గాదమ్మా..."

"నాకు ఆటిజం ఉన్నది. అందుకే మీరు అడిగినవాటికి సక్కగ జవాబు చెప్పలే."

"గదేంది? అంటుకుంటదా?" అన్నాడు శ్రీధర్ ఒక అడుగు వెనక్కి వేసి.

"అంటుకోదు. పుట్టినప్పటి సంది ఉన్నది. సప్పుళ్లు, లైట్లు నాకు మీకంటె ఎక్కువ కొడతయి. సూటిగ చెప్తెనే అర్థమైతది. నేను గూడ సూటిగనే చెప్త. మా అమ్మ టైలరు. ఆమె కుట్టే ప్రతి చీరకు ఫాల్సు, దారం, గుడ్డ కలిపి పెట్టేది పదేండ్ల సంది నేనే." ఒక్క గుక్కలో చెప్పేసింది. తర్వాత కొంచెం ఆలోచించి మళ్ళీ అంది: "మా అమ్మ దగ్గరికి కొత్తగ వచ్చేటోళ్లు ముందుగాల పట్టు బ్లౌజు ఇయ్యరు. మామూలు గుడ్డ ఒకటి ఇచ్చి కుట్టిచ్చుకుంటరు. అది మంచిగొస్తె పట్టుది తెస్తరు. గంతేగని, మీ మేనమామలెక్కడ అని టైలరును అడగరు."

దుకాణంలో గుడ్డ బేరమాడుతున్న ఇద్దరాడవాళ్ళు ఆగి ఇటు చూశారు. అందులో ఒకామె "నిజమే గదా!" అనేసింది. జాకెట్ల మీద బతికే మనిషి ఆ మాటకు ఎదురు చెప్పలేడు. పరమేశ్వర్ తల గోక్కున్నాడు.

"సరే. మూడొద్దులు చూస్త. బుధవారం, బేస్తవారం, శుక్రవారం. శుక్రవారం పొద్దుగూకే యాళ్లకు అవునో కాదో చెప్త."

"ఫోన్ల గాదు గదా?"

"మొఖం మీదనే చెప్త తల్లీ."

బుధవారం నాడు పని బాగా జరగలేదు. పైగా శ్రావణం. లోపల పాతికమంది ఆడవాళ్ళు, వాళ్ళ సంచులు, వాళ్ళ పిల్లలు. నెమలికంఠం చీర ఒకటి కౌంటరు మీద పరిచి, శ్రీధర్ ఒక తాను లాగి "సేమ్ టు సేమ్ అక్కా!" అన్నాడు.

"కాదు," అంది దీక్షిత పక్కనుంచి. "గది రామా గ్రీను. చీరల నీలం ఎక్కువున్నది."

"కుట్టినంక కలుస్తది చెల్లె," అన్నాడు శ్రీధర్ పళ్ళ మధ్య నుంచి.

"కుడితె రంగెట్ల మారుతది?"

చీర తెచ్చినామె దాన్ని మడిచి సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి అలా ఆరుగురు వెళ్ళిపోయారు. పరమేశ్వర్ దీక్షితను పక్కకు పిలిచి, "దుకాణంల ఉండి లేదు, కలవదు అంటే ఎట్ల బిడ్డా? గిరాకి మన దేవుడు," అన్నాడు.

"దేవునికి అబద్ధం చెప్తమా?"

ఆయన గోడ మీది దేవుడి పటం వైపు ఒకసారి చూసి, గల్లా దగ్గరికి వెళ్ళిపోయాడు.

మూడు గంటలకు ఒక చంటిపిల్లాడు గుక్కపట్టి ఏడవడం, మూడో లైటు జుయ్యి, శ్రీధర్ కేకలు అన్నీ కలిసి ఆమె తలలో ఒకే మోత అయ్యాయి. చెవులు మూసుకుని కౌంటరు వెనక్కి వెళ్ళి, అక్కడున్న మూట మీద కూలబడింది. "కత్తిరించిన గుడ్డ వాపసు తీసుకోబడదు" అని రాసిన బోర్డు సరిగ్గా ఆ మూటకు పైనే ఉంది. మూట నిండా వాపసు వచ్చిన ముక్కలే. గొంతు పెంచగలిగిన ఆడవాళ్ళ ముందు ఏ బోర్డూ నిలబడదు మరి. దీక్షిత ఒక్కొక్క ముక్క తీసి రంగులవారీగా పేర్చడం మొదలుపెట్టింది. ఇంట్లో తల మోతెక్కినప్పుడు చేసే పని అదే. అరగంటకు ఊపిరి కుదురుకుంది.

దుకాణం ఖాళీ అయ్యాక పరమేశ్వర్ వచ్చి చూశాడు. గోడ పక్కన నాలుగు దొంతరలు చక్కగా ఉన్నాయి.

"గిదేం పని?"

"సేఠ్, వాపసు వచ్చినయన్నీ నీలం, పచ్చ, వంకాయ రంగులే. ఎరుపుల ఒక్కటి లేదు, పసుపుల ఒక్కటి లేదు. మీ లైట్ల కింద గీ మూడు రంగులే మోసం చేస్తున్నయి. అందరు బయటికి తీస్కపోయి చూసుకుంటున్నరు, మనమే లోపల చూస్తున్నం."

పరమేశ్వర్ దొంతరల ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆ మూట ఎన్నేళ్ళనుంచో ఆయన కాళ్ళకు అడ్డం తగులుతోంది. దాన్ని విప్పి చూడాలని మాత్రం ఎప్పుడూ తోచలేదు.

"రేపు రావాల్నా, వద్దా?" అడిగింది దీక్షిత.

"రా."

"అయితే నాకు గడప దగ్గర కుర్చీ కావాలె. వెలుగు అక్కడనే మంచిగున్నది. లైటు సప్పుడు గూడ తక్కువ."

ఆయన ఉలిక్కిపడ్డాడు. "గడపల కూసుంటరా ఎవరన్న? లచ్మి లోపలికెట్లొస్తది?"

దీక్షిత లేచి గడప దాకా వెళ్ళి, అవతల మెట్టు వెడల్పు జానలతో కొలిచింది. "బయట మెట్టు మీద, ఎడమ పక్కకు వేస్కుంట. నడిమిట్ల లచ్మికి రెండు మూరల తొవ్వ ఉంటది."

శ్రీధర్ నవ్వాపుకోలేక తాన్ల వెనక్కి వెళ్ళాడు. కానీ పరమేశ్వర్ ఆ రెండు మూరల దారిని తన మూరతో కూడా ఒకసారి కొలుచుకుని సరేనన్నాడు.

గురువారం మబ్బు పట్టింది. వాన లేదు. దీక్షిత మెట్టు మీది కుర్చీలో కూర్చున్న పది నిమిషాలకే ఎడపల్లి నుంచి చంద్రవ్వ అనే గిరాకీ దిగింది. అరవై ఏళ్ళ మనిషి. ఆటో దిగుతూనే మొదలుపెట్టింది.

"ఏడున్నడు సేమ్ సేమ్ అన్నోడు? నా మనుమరాలి లగ్గం పెట్టుకోని గిసొంటి ముక్క అంటగడ్తవారా! సీర వంకాయ రంగు, రైక బొగ్గు రంగు!"

"లైటు కింద సూడవ్వా, కలుస్తది," అన్నాడు శ్రీధర్ లోపలి నుంచే.

"లగ్గం నీ లైటు కింద సేస్తరార?"

"అవ్వా, చీర నాకియ్యి," అంది దీక్షిత.

చంద్రవ్వ ఆమెను ఎగాదిగా చూసి సంచీ ఒళ్ళో పడేసింది. ఒకటి కాదు, నాలుగు చీరలున్నాయి. దీక్షిత వంకాయ రంగు చీర కొంగును మోకాళ్ళ మీద పరిచి, కాసేపు చూసి, లోపలికి కేకేసింది.

"అన్నా, రుబియా గుడ్డల నలభై ఒకటి, నలభై నాలుగు, యాభై రెండు నంబర్లు తీస్కరా."

పదిహేనేళ్ళ సర్వీసున్న శ్రీధర్‌కు మెట్టు మీదికి తాన్లు మోయడం తల కొట్టేసినట్టయింది. అయినా చంద్రవ్వ గొంతు వీధి చివరిదాకా వినబడుతోంది గనుక తెచ్చాడు. దీక్షిత మూడిటినీ చీర పక్కన పెట్టి, రెండు తీసేసి, ఒకటి మిగిల్చింది. "గిది."

చంద్రవ్వ వంగి చూసింది. తిప్పి చూసింది. ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం ఆ పొద్దుట అదే మొదలు.

రెండో చీర, మూడో చీర కూడా అలాగే అయ్యాయి. నాలుగోది ఉల్లిపొర రంగు. దీక్షిత అయిదు తాన్లు తెప్పించి, అయిదూ వెనక్కి పంపింది.

"దీనికి మా దగ్గర లేదవ్వా. దగ్గరిది ఉన్నది గని కలవదు. లగ్గానికి తొందరుంటె ఇంకో దుకాణంల చూడు."

లోపల పరమేశ్వర్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. చంద్రవ్వ మిగతా చీరలు అక్కడే వదిలి, ఉల్లిపొర చీర ఒక్కటీ చంకలో పెట్టుకుని, ఎదురు వరసలోని దుకాణంలోకి చరచరా వెళ్ళిపోయింది.

"పంపిచ్చినవా, ఇగ రాదు," అన్నాడు శ్రీధర్. "మంచి గిరాకి, ఎదురోనికి పళ్ళెంల పెట్టి ఇచ్చినవ్ చెల్లె."

"చీరలు ఇక్కడనే ఉన్నయి గదన్నా. వస్తది."

అరగంటకు వచ్చింది. ఒంటరిగా కాదు. బస్టాండు దగ్గర దిగిన ఇద్దరు వదినలను, ఒక కోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. చేతిలో ఎదురు దుకాణం కవరు. తిన్నగా మెట్టెక్కి, ఆ కవరులోని గుడ్డ తీసి దీక్షిత ఒళ్ళో వేసింది.

"గిది గా దుకాణంల కొన్న. కలిసిందా లేదా సూడు. వాడు గూడ సేమే అన్నడు, నాకు నమ్మకం లేదు."

పరమేశ్వర్ ఇరవై ఏళ్ళ వ్యాపారంలో ఇలాంటిది చూడలేదు. ఎదుటి దుకాణంలో కొన్న గుడ్డకు తన మెట్టు మీద పంచాయితీ! దీక్షిత గుడ్డను చీర మీద పెట్టి, మబ్బు వైపు తిప్పి చూసింది.

"కలిసిందవ్వా. మంచిగున్నది."

"లేదంటె లేదన్నది, ఉన్నదంటె ఉన్నదన్నది," అంది చంద్రవ్వ వదినలవైపు తిరిగి. "గిసొంటి పిల్ల ఏ దుక్నంల ఉన్నదే? తియ్యుండ్రి మీ సీరలు."

వదినలు సంచులు విప్పారు. ఫాల్సులు, లైనింగులు, లంగా గుడ్డలు అన్నీ అక్కడే తీసుకున్నారు. శ్రీధర్ లోపలికీ మెట్టుకూ తిరిగి తిరిగి, మధ్యాహ్నం అన్నం కూడా ఆలస్యంగా తిన్నాడు. తింటూ, "చెల్లె, నలభై నాలుగు కలవదని అంత దూరం నుంచి ఎట్ల చెప్పినవ్?" అని అడిగాడు.

"దూరం నుంచి చెప్పలే. నువ్వు తెచ్చినంక చూసి చెప్పిన."

"మరి నంబర్లెట్ల తెలిసినయ్?"

"నిన్న నువ్వు తాన్లు లాగినప్పుడల్లా అంచు మీద ఉన్నయి గదా. చదివిన."

పదిహేనేళ్ళుగా లాగుతున్న ఆ తాన్ల అంచుల వైపు శ్రీధర్ తినడం ఆపి చూశాడు.

శుక్రవారం సాయంత్రం అయిదింటికి పరమేశ్వర్ ఆమెను పిలిచాడు. దీక్షిత చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడింది.  హుక్కుల డబ్బా, మిషను పక్క స్టూలు, రోజంతా అదే గోడ కళ్ళ ముందు తిరిగాయి. గంధం బొట్టు వైపు చూసింది. ఇవాళ అంచు లేవలేదు.

"మొఖం మీద చెప్తనన్న గదా," అన్నాడాయన. "పెట్టుకుంటున్న. సోమారం నుంచి పర్మనెంటుగ. శ్రావణానికే గాదు."

 దీక్షిత జేబులోంచి కాగితం తీసింది.

"మరి నా షరతులు చదువుత."

"నీ షరతులా!"

"కుర్చీ బయటనే. మూడో లైటు మార్వాలె. అన్నం తినేటప్పుడు ఇరవై నిమిషాలు నాతోటి ఎవరు మాట్లాడొద్దు. తప్పు చేస్తె తప్పని అప్పుడే చెప్పాలె, మనసుల పెట్టుకోవద్దు."

"లైటు పొద్దుగాలనే మార్పిచ్చిన, సూడలేదా?" పరమేశ్వర్ వేలితో పైకి చూపించాడు. నిజమే, చప్పుడు లేదు. పొద్దటి నుంచి తల ఎందుకు తేలిగ్గా ఉందో ఆమెకు అప్పుడు అర్థమైంది. "అన్నీ ఒప్పుకుంట. నాది గూడ ఒక్క షరతు. వేరే దుకాణం ముచ్చట మన మెట్టు మీద ఎత్తొద్దు."

 శ్రీధర్ పని ఆపి దీక్షిత వైపు చూశాడు.

"అడిగితె చెప్త. అడగకపోతె చెప్ప."

"అడుగుతరు గదనే!"

"అయితే ఉల్లిపొర రంగు తెప్పియ్యుండ్రి. అడగరు."

శ్రీధర్ ఈసారి తాన్ల వెనక్కి వెళ్ళకుండా బాహాటంగానే నవ్వాడు. పరమేశ్వర్ కాగితం లాక్కుని దాని వెనక "ఉల్లిపొర, రుబియా" అని రాసుకున్నాడు.

"ఆరు దాటి చీకటైనంక వచ్చినోళ్లకు ఎట్ల మరి?"

"పొద్దుగాల రమ్మనుండ్రి. అయిదున్నరకు నాకు బస్సున్నది."

బస్టాండులో బస్సెక్కి, కిటికీ పక్క సీటు చూసుకుని కూర్చున్నాక ఇంటికి ఫోన్ చేసింది. అవతల మిషను చప్పుడు వినబడుతోంది.

"అమ్మా, పెట్టుకున్నరు."

మిషను ఆగింది.  ముక్కు చీదిన చప్పుడు వచ్చింది.

"ఏడుస్తున్నవా? దేనికి?"

"ఊకెనే. ఏమన్నడు? మొదటి సంది చెప్పు, ఒక్క మాట వదలకు."

ఒక్క మాట వదలకుండా చెప్పమని ఆమెను అడిగిన వాళ్ళు ఇంతవరకు లేరు. దీక్షిత చెప్పడం మొదలుపెట్టింది. బస్సు జానకంపేట దాటింది, ఎడపల్లి దాటింది. అవతల జ్యోతిరాణి ఎదురుగా ఎవరో జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చి నిలబడ్డారు.

"జెర ఆగక్కా," అంటున్న తల్లి గొంతు ఫోనులో వినబడింది. "నా బిడ్డ ఇంక బేస్తవారం కాడనే ఉన్నది."